మా అత్త మెడ మీది గీతలు

నా చిన్నప్పటి ఈ సంగతిని ఇన్నేళ్లు రాయకపోవడానికి కారణం మరపు కాదు, నాకు రాయడం రాకపోవడమే. నన్ను బడిలో వేసిన ఏడాదే ప్రత్యేక తెలంగాణ కావాలని ఉద్యమం లేచి బడులు మూతపడ్డాయి. మళ్లీ తెరిచేనాటికి ఇంటి పనులు నా చేతికి వచ్చేశాయి. అరవై దాటాక, మనవరాలి నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద అక్షరాలు దిద్దుకున్నాను.

మాది లింగాల ఘనపూర్ దగ్గరి ఊరు. మా మేనత్త భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఆమెకు చెవి కింద గడ్డ లేచింది. హైదరాబాదు దవాఖానలో క్యాన్సర్ అన్నారు. అందులోనూ ఎక్కడో ఒకరికి తప్ప రాని రకమట. పెద్ద డాక్టరు తన దగ్గర చదువుకునే పిల్లలందరినీ పిలిచి, మళ్లీ దొరకదు, చూసుకోండి అన్నాడట. "పీర్ల పండుగల పులివేషం చూసినట్టు చూసిండ్రే పొల్లా," అని చెబుతూ మా అత్త నవ్వబోయింది. దవడ సాగక మధ్యలోనే ఆగిపోయింది.

గడ్డకు రోజూ కరెంటు, అంటే రేడియేషన్, పెట్టేవారు. మూడు వారాలకు మెడ కమిలి వంకాయ తొక్కలా అయింది. కొంచెం మానేదాకా ఇంటికి తీసుకుపొమ్మని పంపుతూ ఒక చీటీ ఇచ్చారు. మళ్లీ రావలసిన రోజేదో అందులో రాసి ఉంటుందనుకుని మా నాయన జేబులో పెట్టుకున్నాడు.

దవాఖాన నుంచి వచ్చిన మనిషికి గడప బయటే పసుపు, వేపాకు వేసిన నీళ్లు పోయడం మా ఇంటి ఆచారం. నాయనమ్మ ఆ పని నాకు చెప్పింది. అత్త మెడ మీద, దవడ మీద ఊదారంగు గీతలున్నాయి. మందు మరకలనుకున్నాను. కుంకుడు నురగతో, తడిగుడ్డతో ఒక్కటి కూడా మిగలకుండా తుడిచాను. అత్త పళ్లు బిగబట్టి కూర్చుంది.

పక్కింటి దర్జీ సాయబు మామకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. బడి పంతులు ఊళ్లో లేడు. అందుకని మామే ఆ చీటీని సైకిలు మీద ఘనపూర్ బట్టల దుకాణానికి తీసుకుపోయి చదివించుకొచ్చాడు. పొద్దు వాలుతుండగా వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"గీతలు కడుగొద్దని రాసిండ్రటనే అన్నా. అవి చూసే కరెంటు పెడ్తరట."

అందరం అత్త మెడ వైపు చూశాం. నాయనమ్మ నా వైపు చూసింది. నాయన నోరు తెరిచేలోపే అత్త, చెమటకు దురద పెడితే తనే రుద్దుకున్నానని చెప్పింది. చెల్లెలిని ఏనాడూ పల్లెత్తు మాట అనని మా నాయన, "సావాలని ఉంటే చెప్పరాదు, నన్నెందుకు తిప్పుతున్నవ్?" అన్నాడు. అత్త తల వంచుకుంది. నాయనమ్మ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మామ గుడ్డల మీద గుర్తులు పెట్టే పెన్సిలు కూడా ఊదారంగుదే. వాళ్ల అరుగు మీది మిషను నుంచి దాన్ని ఎత్తుకొచ్చాను. అత్త గోడ పక్కన కళ్లు మూసుకుని పడుకుని ఉంది. పెన్సిలు మొన నాలుకకు తడిచేసి, చెవి కింద నుంచి దవడ దాకా గుర్తున్నట్టు ఒక గీత గీశాను. రెండోది గీస్తుంటే పెన్సిలు వెతుక్కుంటూ మామ వచ్చాడు. నన్ను కొట్టలేదు. తువ్వాల కొస తడిపి, నేను గీసింది మెల్లగా అద్ది తీశాడు.

"గుడ్డ మీద గీత తప్పితే కుట్టు విప్పుత బిడ్డా. మీ అత్త మెడ ఎట్ల విప్పాలె?"

"పోనియ్యన్నా, పసిది," అంది అత్త. నాయన ముందు నేరం తన మీద వేసుకున్నదీ అందుకే.

ఉద్యమంలో పోరగాళ్లు రైలు పట్టాల మీద కూర్చోవడంతో జనగామ స్టేషనులో రెండు రోజులు పడిగాపులు పడ్డాం. దవాఖానలో మళ్లీ గీతలు గీశారు. అత్త మిగిలిన కరెంటంతా పెట్టించుకుంది. గంజి తప్ప మింగలేని స్థితికి వచ్చింది. మరుసటి వరికోతల నాటికి ఆమె లేదు. గీతలు చెరగడం వల్లనేనా అని డాక్టరును ఎవరూ అడగలేదు. నేను మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఎవరైనా కాగితం చేతికిస్తే పూర్తిగా చదివేదాకా మడవను. అర్థం కాకపోతే తెలియదని చెప్పడానికి సిగ్గుపడను.

గీతలు తుడిచిన మరునాడు పొద్దున నాయన బండి కడుతుంటే ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. కడిగింది నేను, అత్త కాదు అని చెప్పాను. నాయన చేతిలోని ఎద్దు పలుపు కాడికి కట్టేశాడు. తరువాత అత్తను ఎత్తి బండిలో గడ్డి మీద పడుకోబెట్టి, జేబులోంచి చీటీ తీసి నాకిచ్చాడు.

"ఎక్కు. దవాఖానల గీ మాట నువ్వే చెప్పాలె."

అత్త తల పక్కన కూర్చుని, జనగామ దాకా ఆ చీటీని రెండు చేతులతో పట్టుకున్నాను. సరిగ్గానే పట్టుకున్నానో, తలకిందులుగా పట్టుకున్నానో నాకు తెలియదు.