పరదా కట్టిన రిక్షా

జలీల్ లాంటి కోపిష్టిని నేను మరొకణ్ణి చూడలేదు. అయినా రోజూ అతని రిక్షానే ఎక్కేవాణ్ణి. గుంతలు తప్పించి మెత్తగా తొక్కేవాడు.

పాతపట్నం స్టాండులో వరసలో ముందున్న బండికే బేరం. వరస తప్పినవాడి టైర్లు కోసేవారు, సీటు కింద దాచిన పాత గొలుసుతో జలీల్ వాణ్ణి బాదేవాడు. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పరదా కట్టిన బండిలో ముస్లిముల ఇళ్ళ ఆడవాళ్ళుంటారు కాబట్టి లోపలికి ఎవరూ తొంగి చూడకూడదు.

డెబ్బై ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం నేను జలీల్ బండి ఎక్కబోతుంటే, అతని పొరుగింటివాడూ అదే స్టాండువాడూ అయిన అప్పలసూరి పరదా బండిని వరసలో ఆపకుండా తొక్కుకుంటూ వచ్చాడు.

"ఏం జలీలూ, నీ బేరం అప్పలసూరి తన్నుకుపోతున్నాడే!" అన్నాను. నవ్వులాటకే అన్నాను. నా నోరు పడిపోను!

జలీల్ గొలుసు తీసుకుని దూకి అతణ్ణి కిందికి లాగాడు. మొదటి దెబ్బ మూతి మీద.

"సెప్పనియ్యి బావా..." అప్పలసూరి నోటి నిండా రక్తం.

"వరస తప్పి సెప్పేదేట్రా!"

రెండో దెబ్బకి అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. ఈలోగా మిగతావాళ్ళు మూడు టైర్లూ కోసేశారు. లోపలి ముసలమ్మ కేకలు ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. చివరికి ఆవిడే పరదా చింపేసింది. జలీల్ అత్త జమాలున్నీసా.

"నీ పెళ్ళామేరా! నెలలు నిండకుండా నొప్పులొచ్చేసినాయిరా! నువ్వు ఇంటికాడ లేక ఈడు తీసుకెల్తన్నాడు!"

గులాబ్ బీ కాళ్ళ కింద సీటంతా నెత్తురు. వేరే బండిలోకి మార్చడానికి భయపడ్డాం. గాలి లేని చక్రాల మీదే ఆసుపత్రికెళ్ళే ఎత్తు ఎక్కించాం. ముందు జలీల్ ఏడుస్తూ లాగాడు. వెనక అప్పలసూరి ఒంటిచేత్తో తోశాడు.

ఆడపిల్ల బతికింది. తల్లి దక్కలేదు. పావుగంట ముందొస్తే బాగుండేదని డాక్టరమ్మ అంది.

గులాబ్ బీ పోయిన నలభయ్యో రోజు దాటాక జలీల్ స్టాండుకొచ్చి, అప్పలసూరి మంచి చేతిలో గొలుసు పెట్టాడు.

"కొట్టు బావా."

అప్పలసూరి కొట్టాడు. ఒక్కటే దెబ్బ. కనుబొమ చీలి జలీల్ చొక్కా ఎర్రబడింది. గొలుసు విసిరేసి ఇద్దరూ అక్కడే కూలబడి ఏడ్చారు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ రోజు ఆ మాట అన్నది నేనని అందరికీ తెలుసు. నన్నెవరూ కొట్టలేదు.