బిడ్డ తల మీద ఒట్టు

మా పెద్దనాయన మీద నాకున్న కోపాన్ని గండికోట లోయలో పోస్తే, పెన్నానది పక్కకు తప్పుకుని వేరే దారి చూసుకుంటుంది. అందులో సగం కోపం నా మీద నాకే. ఆ రోజు కారు నడిపింది నేను.

మా తమ్ముడు కోయిలకుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో నడుము పాడుచేసుకున్నాడు. నొప్పికని మందుల అంగడివాడు ఇచ్చిన గుళికలు మొదట పూటకొకటి వేసుకుని, తర్వాత శనక్కాయలు బుక్కినట్టు బుక్కాడు. చివరికి గుళిక పడకపోతే మంచం దిగలేని స్థితికి వచ్చాడు. మూడుసార్లు మాన్పించాం. మూడుసార్లూ మళ్లీ ఆ అంగడి మెట్లే ఎక్కాడు. అప్పుడు వాడి కుటుంబాన్ని కర్నూలుకు, మా వీధికే తెచ్చి పెట్టుకున్నాను. ఇక్కడ ఒక డాక్టరమ్మ నాలుక కింద పెట్టుకునే మాత్ర మొదలుపెట్టింది. గుళిక కోసం ఒళ్లు పడే యాతనను అది అణుస్తుందని, తను చెప్పేదాకా మానొద్దని ఒకటికి పదిసార్లు చెప్పింది. ఏడు నెలల్లో వాడు మళ్లీ మనిషయ్యాడు. బిడ్డను బడిలో దింపుతున్నాడు, నాతో కొట్లాడుతున్నాడు. ఉగ్గాని ఎంత తిన్నాడంటే, మా పేటలో బొరుగుల బట్టీవాళ్లు రెండో పొయ్యి కట్టుకున్నారు.

ఈ సంగతి పెద్దనాయన చెవిన పడింది. ఎరువుల అంగట్లో కూర్చుని వంశం మొత్తానికి తీర్పులు చెప్పే మనిషి ఆయన. హైకోర్టుకైనా సెలవులుంటాయి, ఆయనకు లేవు.

“ఒక మాత్ర మాన్పించి ఇంగో మాత్ర మింగిస్తాండారా? తిక్క గాని పట్టిందా మీకు? వానికి కావల్సింది మందు కాదప్పా, పౌరుషం. అహోబిలం తోలుకొనిరా.”

తమ్ముణ్ణి, వాడి బిడ్డను కారులో తోలుకుపోయాను. వాడి పెళ్లాం, అంటే మా మరదలు, అప్పుడు కడపలో పుట్టింట్లో ఉంది. గుడి మెట్ల దగ్గర పెద్దనాయన మా తమ్ముడి చేయి పట్టి, వాడి ఎనిమిదేళ్ల బిడ్డ తల మీద పెట్టించాడు.

“ఇంగ ఏ మాత్రా ముట్టనని చెప్పు.”

తమ్ముడు నా వైపు చూశాడు. నేను గోపురం వైపు చూశాను. వాడు చెప్పేశాడు.

ఆ వెంటనే పెద్దనాయన టిఫిన్‌కు కూర్చుని షుగరుకు, బీపీకి, మోకాళ్లకు అంటూ, నవగ్రహాలకు తలా ఒకటన్నట్టు తొమ్మిది మాత్రలు అరచేతిలో పోసుకుని మింగాడు. ఆయన పౌరుషానికి వెంట్రుకంత నష్టం కూడా జరగలేదు.

నాలుగో రోజుకు తమ్ముడి కాళ్లు వాడి మాట వినడం మానేశాయి. ముక్కూ కళ్లూ వరదల్లో తుంగభద్ర. గోడలకే చెమటలు పట్టే కర్నూలు ఎండలో వాడు రెండు దుప్పట్లు కప్పుకుని వణికాడు.

“ఆసుపత్రికి పోదాం పా రా.”

“యాడికిన్నా? బిడ్డ తల మీద ఒట్టేసినా. మాత్ర ముడితే దానికేమన్నా అయితే?”

“గుళికల అంగడికి పోబుద్ధయితాందా?”

“పొద్దున్నించీ రెండుసార్లు చెప్పులేసుకొని ఇప్పినా.”

ఒట్టు వేయించినవాడే దాన్ని తీయాలని పెద్దనాయనకు ఫోన్ చేశాను. “ఓర్చుకోమను. మొగోడు కాదా వాడు?” అని పెట్టేశాడు. అప్పుడు నా నోట వచ్చిన మాటలు అచ్చువేస్తే ప్రెస్సు తగలబడుతుంది.

మధ్యాహ్నం బస్సుకు మరదలు దిగింది. జరిగింది విని, గడపలో నిలబడే నా ఫోను లాక్కుని ఆయనకు కలిపింది.

“ఏం మామా, నా బిడ్డ తలకాయ నీకెవరిచ్చినారు? నన్నడిగినావా? నీది శానా పెద్ద తలకాయ ఉండాది కదా, ఒట్లేయించుకునేదానికి అది చాలల్యా?”

ఆయన ఫోను పెట్టేశాడు. మా వంశం పుట్టాక ఆయన తీర్పు చెప్పకుండా ఫోను పెట్టడం అదే మొదలు.

మరదలే వాణ్ణి ఆసుపత్రికి లాక్కొచ్చింది. అక్కడ డాక్టరమ్మ మొదట నన్ను ఉతికి ఆరేసింది. “వాళ్లంటే సరే, రోజూ చూస్తాండేవాడివి, నువ్వెట్ల తోలుకపోయినావప్పా?” నర్సు మాత్ర ఇస్తే తమ్ముడు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లంతా వణుకుతోంది గానీ నోరు తెరవడు.

“పెట్టుకో,” అంది మరదలు. “దానికేమన్నా అయితే నాది పూచీ.”

పెట్టుకున్నాడు.

సాయంత్రానికి కాళ్లు కుదుటపడ్డాయి. కానీ ఇప్పటికీ ఆ పిల్ల ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, వాడి ముఖం సున్నం కొట్టినట్టవుతుంది. పరుగున పోయి నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడు. మొన్న అది చూసి తట్టుకోలేక, “నన్ను క్షమించురా” అన్నాను.

“పోనీలేన్నా. మన మంచికే కదా పెద్దనాయన చెప్పింది,” అన్నాడు.

వాడి చెంప మీద ఒక్కటి పీకాలనిపించింది.