బాయి ముద్ద

సాయంత్రం బడిలో పని ముగించుకుని ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, నేను మొదట చేసే పని సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత తెరవడం. పొద్దంతా మూసి ఉన్న స్టీలు వాసన, రొట్టె ఆవిరికి చెమర్చిన మూత వాసన, అంచుకు అంటుకున్న మామిడికాయ తొక్కు వాసన, ఇవన్నీ ఎవరి డబ్బాలోనైనా ఉండేవే. కానీ కొన్ని సాయంత్రాలు వీటన్నిటి అడుగున ఇంకో వాసన ఉంటుంది. తడిసిన బొగ్గు వాసన. కరీంనగర్‌లో మా ఇంటి చుట్టుపక్కల వెతికినా బొగ్గు ముక్క దొరకదు, మా గల్లీలో ఇస్త్రీ చేసే ఆయన కూడా ఎప్పుడో గ్యాసుకు మారిపోయాడు. మొదట్లో చింతపండు వేసి తోమాను, ఎండలో బోర్లించాను, చివరకు కొత్త డబ్బా కొన్నాను. కొన్నాళ్లకు అందులోనూ అదే వాసన. నీ ముక్కును పోలీసు కుక్కలతో పాటు డ్యూటీలో పెట్టాలని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఆయనకు రాదు ఆ వాసన. ఆయన బాయి లైన్లలో పెరగలేదు.

నేను పెరిగింది బెల్లంపల్లి అవతల, బొగ్గు బాయి పక్కన వేసిన క్వార్టర్ల లైన్లలో. బయటివాళ్లు గని అంటారు, మాకు అది బాయే. మా లైనులో ఇళ్లన్నీ ఒకే గోడకు అతుక్కుని ఉండేవి కనుక ఒక ఇంట్లో పోపు వేస్తే నాలుగిళ్ల అవతల తుమ్మేవాళ్లు. చలికాలం పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి రాజేసి పెడితే, ఆ పొగ పైకి పోక నడుము ఎత్తున లైనంతా పరుచుకునేది, అందులోంచి నడిచొచ్చే మనుషులకు కాళ్లు ఉన్నట్టే కనిపించేది కాదు. ఎండాకాలం పులిహోర రంగు దుమ్ము, వానాకాలం నల్లటి బురద. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగయ్యేది, మా అవ్వ (మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం) అందుకే తెల్ల చీర కట్టనే కట్టలేదు. బతుకమ్మ పండుగకు మా ఇంట్లో మలీద ముద్దలు, క్రిస్మస్‌కు పక్కింటి యేసోబు కాక ఇంట్లో గరిజెలు, సకినాలు. పండుగ ఎవరిదైనా పళ్లెం మాత్రం లైను ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేది. ఆడపిల్లలం కచ్చకాయలు, తొక్కుడుబిళ్ల, దాగుడుమూతలు ఆడుకునేవాళ్లం. ఆ లైనులో దాక్కోవడం చాలా కష్టం, బొగ్గుదుమ్ములో కాలి గుర్తులు చూసి పట్టేసేవాళ్లు.

మధ్యాహ్నం పూట మాకింకో ఆట ఉండేది. అన్నాలు తిని నీడకు కూర్చున్నప్పుడు కింద భూమిలో మందు పేల్చేవాళ్లు. చప్పుడు వినిపించేది కాదు గానీ దిమ్మె మీద గిన్నెలు గజగజలాడేవి, గోడకున్న అద్దంలో మా ముఖాలు వణికేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు జడుసుకుని బయటకు ఉరికేవాళ్లు. మా అవ్వ మాత్రం చేటలో బియ్యం చెరుగుతూనే, "కింద మీ బాపులు పిలుస్తున్నరు, పలుకుండ్రి" అనేది. మేం లేచి మడమలతో నేలను దబదబా తొక్కేవాళ్లం. మా కాళ్ల కింద, అంత లోతున, చీకట్లో మా బాపులు తలెత్తి నవ్వుకుంటారని నమ్మేవాళ్లం.

అన్నిటికన్నా పెద్ద పండుగ మాకు రోజూ సాయంత్రం వచ్చేది. షిఫ్టు విడిచిన సైరన్ కూయగానే లైను చివర సిమెంటు గద్దె మీద మా అవ్వ ఒక పెద్ద సత్తు పళ్లెం పెట్టి, పైన తడిబట్ట కప్పేది. బాయి నుంచి వచ్చిన ప్రతి మనిషి ఇంటికి పోయేముందు గద్దె దగ్గర ఆగి, డబ్బా తెరిచి, తను తినకుండా మిగిల్చి తెచ్చిన ఒక్క ముద్ద అందులో వేసి, బట్ట కప్పి పోయేవాడు. దాన్నే బాయి ముద్ద అనేవాళ్లం. రెండు మాటలు మాట్లాడే ఓపిక కూడా లేనంత అలిసిపోయిన మనుషులు, కళ్లు తప్ప ఒళ్లంతా నల్లగా ఉన్న మనుషులు, ఆ ముద్ద వేసేటప్పుడు మాత్రం పళ్లు కనబడేలా నవ్వేవాళ్లు. భూమి కిందికి పోయి తిరిగొచ్చిన అన్నం తింటే పిల్లలకు ఆయుష్షని పెద్దవాళ్ల నమ్మకం. మాకు ఆయుష్షుతో పనిలేదు, చల్లబడి, కాస్త బొగ్గు రుచి పట్టిన ఆ ముద్ద ఇంట్లో వేడివేడి అన్నం కన్నా రుచిగా ఉండేది.

దానికి రెండు కట్టుబాట్లు ఉండేవి. ఆ షిఫ్టుకు పోయిన వాళ్లందరి డబ్బాలూ వచ్చేదాకా ఏ పిల్లా ముట్టుకోకూడదు. ఒకరి బాపు ఇంకా కిందే ఉండగా ఇంకొకరు నవ్వుతూ తినడం తప్పు. రెండోది, ముద్ద ఎవరిదని అడగకూడదు. ఒకరి డబ్బాలో కోడికూర ఉంటుంది, ఇంకొకరి డబ్బాలో ఉత్త కారం ఉంటుంది, అడిగితే ఎవరికైనా మనసు చిన్నబోతుంది కదా. "బాయి ముద్ద ఎవ్వలిదని అడగొద్దు, తినాలె" అని మా బాపు చెప్పేవాడు. నోట్లో నాలుక లేని మనిషి మా బాపు, ఆయన గట్టిగా చెప్పిన మాట అదొక్కటే నాకు గుర్తు.

అడక్కపోయినా యేసోబు కాక ముద్ద మాత్రం అందరికీ తెలిసిపోయేది. ఆయన జొన్నరొట్టెను కిందనే కూర్చుని బెల్లంతో పిసికి, మలీద ముద్ద చేసి, మోదుగాకులో చుట్టి, వేపపుల్ల గుచ్చి తెచ్చేవాడు. ఆయన కూతురు రూతు, నేను ఒకే ఈడు. యేసోబు కాకకు పిల్లలను ఆటపట్టించడం సరదా. ఒకసారి నిర్మల్ నుంచి కొయ్య సీతాఫలం తెచ్చి నా చేతిలో పెడితే నిజమైనదనుకుని కసుక్కున కొరికాను. అప్పటికే కదులుతున్న నా పాలపన్ను అందులో ఉండిపోయింది. ఆ సంగతి చెప్పుకుని లైనంతా ఎన్నాళ్లు నవ్విందో.

ఒక వానాకాలం సాయంత్రం సైరన్ కూసింది, అందరి డబ్బాలూ వచ్చాయి, యేసోబు కాక డబ్బా రాలేదు. కింద పాత దారిలో పైకప్పు కూలిందని, మిగతావాళ్లు ఇవతలకు దుంకారని, ఆయన దుంకలేకపోయాడని చెప్పారు. వెతికారు. వారం దాటినా మనిషి దొరకలేదు, డబ్బా కూడా దొరకలేదు. చర్చిలో ప్రార్థన చేశారు గానీ పెట్టె లేదు, సమాధి లేదు. రూతు వాళ్లమ్మ మార్త చిన్నవ్వ పొయ్యి రాజేయడం మానేసి గడపలో కూర్చుండిపోయింది. లైనులోని ఆడవాళ్లే వంతులేసుకుని వాళ్లింటికి అన్నం పంపేవాళ్లు.

కొన్నాళ్లకు బాయి మళ్లీ నడిచింది. సాయంత్రం మా అవ్వ గద్దె మీద పళ్లెం పెట్టింది, ముద్దలు పడ్డాయి, పిల్లలం చేతులు చాచాం. అప్పుడు వచ్చింది రూతు. పళ్లెం పక్కన నిలబడి, ఏడవకుండా, ఎవరి ముఖమూ చూడకుండా, "మా బాపు డబ్బ ఇంక రాలే" అంది. చాచిన చేతులన్నీ వెనక్కి పోయాయి. కట్టుబాటు కట్టుబాటే కదా. ఆ రాత్రి ముద్దలు కుక్కల పాలయ్యాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రూతు ఇంట్లో కూడా సరిగ్గా తినడం లేదని, గొంతు కింద ఎముకలు తేలాయని మా అవ్వ గుసగుసలాడేది. నాకు భయమేసింది. యేసోబు కాక లాగా రూతు కూడా మెల్లగా కనిపించకుండా పోతుందేమోనని, బళ్లో దాని లంగా అంచు నా లంగా అంచుకు ముడేసుకుని కూర్చునేదాన్ని. మధ్యాహ్నం గిన్నెలు కదిలినప్పుడు మేమెవరమూ నేల తొక్కేవాళ్లం కాదు, రూతు మాత్రం తొక్కేది. గిన్నెలు కదలనప్పుడు కూడా తొక్కేది, తొక్కి, తల వంచి వినేది.

లైనులో ఒక ముసలమ్మ ఇక ఈ పళ్లెం ఆపేయండి, అరిష్టమంది. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు ముద్ద తేవడం మానేశారు కూడా. సాయంత్రమైతే పిల్లలు బయటకు రావడం లేదు. మా అవ్వ కూడా ఆపుదామనే అంది. బాపు ఒప్పుకోలేదు. "ఆపితే గా పొల్ల దేని కోసం నిలవడ్తది? ఉండనియ్యి" అన్నాడు.

ఆ ఆదివారం బాయికి సెలవు, కింద మందు పేల్చేవాళ్లెవరూ లేరు. మధ్యాహ్నం దిమ్మె మీద గిన్నెలు గజగజలాడాయి. అద్దంలో నా ముఖం వణికింది. అవ్వ చేట పక్కన పెట్టి పైకి చూసి, ఎలుకలే అంది. పక్కింట్లోంచి దబదబా చప్పుడు వినిపించింది. రూతు నేల తొక్కుతోంది.

మర్నాటి సాయంత్రం పళ్లెం మీది తడిబట్ట తీస్తే, ముద్దల మధ్య మోదుగాకు పొట్లం ఉంది. వేపపుల్ల గుచ్చి ఉంది. ఆకు మీద వేళ్లు పట్టుకున్న చోటల్లా నల్లటి మసి. నేనూ, పక్కనున్న పిల్లలూ రెండడుగులు వెనక్కి వేశాం. రూతు వేయలేదు. పుల్ల తీసి, ఆకు విప్పి, మలీద ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, సగం తిని, సగం నాకిచ్చింది. బాయి ముద్ద ఎప్పుడూ చల్లగా ఉంటుంది. అది మాత్రం గోరువెచ్చగా ఉంది. "అందరియి వచ్చినయ్, తినుండ్రి" అంది రూతు. తిన్నాం. ఎవరూ ఎవరిదని అడగలేదు.

ఆ వానాకాలమంతా ఆకు పొట్లం వస్తూనే ఉంది, కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు. మొదటిసారి రాని రోజు మళ్లీ ఏమవుతుందోనని మేం బిక్కుబిక్కుమంటూ రూతు వైపు చూస్తే, అది కాసేపు ఆలోచించి, "ఇయ్యాల మా బాపుకు మస్తు ఆకలైనట్టుంది, మొత్తం తిన్నడు" అని ఫక్కున నవ్వింది. మేమూ నవ్వాం. అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముద్దలు మానేసిన మగవాళ్లు మళ్లీ తేవడం మొదలుపెట్టారు, లైనులోకి మళ్లీ పిల్లల గోల వచ్చింది. చలికాలం రాకముందే రూతు వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి నిర్మల్‌లో మేనమామ దగ్గరకు వెళ్లిపోయారు. ఆ తర్వాత మోదుగాకు రాలేదు.

ఆ పొట్లం మా బాపే పెట్టేవాడని నేను అనుకునేదాన్ని. బాయి నుంచి వచ్చే దారిలోనే మోదుగు చెట్లుండేవి, అంత మెత్తటి మనసు ఆయనదే. ఆయన చనిపోవడానికి కొద్ది నెలల ముందు, వాకిట్లో కూర్చుని తనంతట తానే ఆ మాట ఎత్తాడు. "గా ఆకు ముద్ద మార్త పెట్టేది. నాకెరుకే. అడిగితే గామెకు కష్టమైతదని ఊకున్న" అన్నాడు. ఇన్నాళ్లూ ఆయన మనసులో అదే ఉంది.

మొన్న ఎండాకాలం రూతు కరీంనగర్ వచ్చింది. నిర్మల్ ఆస్పత్రిలో నర్సుగా చేస్తోంది, కోడలి సీమంతానికి చీరలు కొనాలట. ఇద్దరం కూర్చుని బెల్లంపల్లి తవ్వుకున్నాం. మా బాయి మూతపడి ఏళ్లయింది, దాని నోట్లో నీళ్లు నిండాయి, లైన్లు పడగొట్టారు, గద్దె ఉన్న చోట ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచాయి. రూతు ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "మా అవ్వ బతికినన్ని ఆదివారాలు మీ బాపు పేరు మీద ప్రార్థన చేసింది. నా బిడ్డను బతికిచ్చిండు, ఆకు ముద్ద పెట్టి, అని" అంది. బాపు అన్న మాట చెప్పాను. రూతు నా ముఖంలోకే చూస్తూ, అప్పుడు మా అవ్వ పొయ్యే రాజేయలేదు కదా, రొట్టె ఎక్కడిది అంది. భయమేసింది నాకు. ఈ వయసులో, మిట్టమధ్యాహ్నం, ఇంట్లో మనిషి పక్కన ఉండగా.

సాయంత్రమైంది. మా బిల్డింగు మెట్ల మీద పిల్లలు చేరారు. కొన్నేళ్లుగా ఇదొక అలవాటు చేశాను, ఆటో నడిపే ఆయన, మెడికల్ షాపులో చేసే అమ్మాయి, నేను, ఇంకో ఇద్దరు, ఎవరి డబ్బాలోంచి వాళ్లం ఒక ముద్ద మిగిల్చి తెచ్చి మెట్ల మీద పళ్లెంలో వేస్తాం. అందరూ వచ్చాకే పిల్లలు తింటారు. ఆ రోజు నా డబ్బా రూతే తీసి మూత తెరిచింది. తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కదలకుండా నిలబడిపోయింది. వాసన సంగతి నేను తనకు చెప్పలేదు.

"వస్తుందా?" అన్నాను మెల్లగా.

రూతు తల ఊపింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వుతోంది, గద్దె దగ్గర నవ్వినట్టే. డబ్బాలో ముద్ద పళ్లెంలో వేసి తనే మెట్ల మీదికి తీసుకెళ్లింది. అందరి డబ్బాలూ వచ్చాయా అని పిల్లలను అడిగింది. వచ్చాయన్నారు. నా ముద్ద తిన్న ఒక చిన్నపిల్ల మూతి ముడిచి, ఇది పొగ వాసనొస్తోంది, ఎవరిదని అడిగింది. అడగకూడదని చెప్పబోయాను. అది అప్పటికే ఇంకొంచెం కావాలని చెయ్యి చాచింది. దాని వెనకాల మిగతా పిల్లలూ చాచారు. ఆ చిన్న చేతుల మధ్య రూతు చెయ్యి కూడా ఉంది.