రంగనాయకి సిస్టర్ వార్డు

బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ సీసా మెడ విరవగానే వచ్చే ఘాటు వాసనలో నాకు ఇప్పటికీ రంగనాయకి సిస్టర్ గొంతు వినిపిస్తుంది. కోయంబత్తూరులో తాగుడు వల్ల జబ్బుపడినవాళ్ళను చేర్చుకునే వార్డుకు ఆవిడ ఇన్‌చార్జి. నేను అక్కడ కొత్తగా చేరిన నర్సుని. ఆవిడది కోవిల్‌పట్టి వైపు నల్లరేగడిలో సేద్యం చేసే తెలుగు కుటుంబం. మాది ఆ ఊళ్ళోనే పీలమేడు, నాన్న మిల్లు కార్మికుడు. వార్డంతా తమిళమే అయినా మేమిద్దరం ఇంటి తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. "నీ తెలుగులో సగం అరవమే గదా" అని ఆవిడ వెక్కిరించేవారు. ఆవిడ తెలుగులో ముప్పాతిక అరవం.

చేరిన నెలలోనే ఒకరోజు డ్యూటీ అప్పగిస్తూ, "మూడో మంచం తాగుబోతు మళ్ళా వచ్చినాడు సిస్టర్" అన్నాను. ఆవిడ తలెత్తారు. "షుగర్ ఎక్కువై మళ్ళా వచ్చినోడిని ఏమని పిలుస్తావు అమ్మణీ?" "పేరు పెట్టి." "ఈయనకీ పేరుండాది. చదివి చెప్పు." నేను సిగ్గుతో కేస్ షీటు తిప్పాను. మా ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకరున్నారని అప్పటికి ఆవిడకు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం మా ఇంటి ఆ మనిషినే స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. ఫిట్స్ వచ్చి, స్పృహ సరిగా లేక, గాలిలో ఏవో ఏరుతున్నట్టు చేతులాడిస్తున్నాడు నాన్న. "ఎప్పుడైనా పండగకి కొంచెం తాగుతారు, అంతే" అని అమ్మ డాక్టరుకు అబద్ధం చెబుతోంది. నేను మందుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. సిస్టర్ వెనకే వచ్చారు.

"ఆయన నీకేమైతాడు?"

"మా నైన."

"ఎంత తాగుతాడు, ఎన్నాళ్ళుగా, ఎప్పుడు నిలిపినాడు? ముందు చెప్పు, పిమ్మట ఏడువు."

అంతా చెప్పాను. పదేళ్ళుగా రోజూ తాగుతున్నాడు. మొన్న నేనే నా తల మీద ఒట్టు పెట్టించుకుని ఒక్కసారిగా మాన్పించాను. ఆవిడ డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. వైద్యం దారి మారింది. సాయంత్రానికి నాన్న చేతులు కుదుటపడ్డాయి. "నా వల్లే కదా సిస్టర్" అంటే, "అట్లా దిడీరుమని నిలిపితే ఒళ్ళు తాళదని నీకు తెలీలేదు. ఇప్పుడు తెలిసె. ఈ వారం నువ్వు నర్సు కాదు, కూతురు. పో, పక్కన కూర్చో" అన్నారు.

నాన్న బాగై వెళ్ళాడు, ఆరు నెలలకు మళ్ళీ తాగాడు. రెండోసారి చేరాడు, మూడోసారీ చేరాడు. మూడోసారి నేను మొహం తిప్పుకుని నిలబడితే, ఆవిడ మాత్రం "రా అన్నా, మంచం ఖాళీగా ఉండాది" అని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించారు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, "ఎందుకు కోపం? మళ్ళా వచ్చినాడంటే ఇంకా బతకల్లని ఉండాదనే. రాకుండా ఇంట్లోనే పడుండేవాళ్ళ కోసం భయపడు" అన్నారు.

నాన్న తాగి ఇప్పటికి ఐదేళ్ళు దాటింది. సిస్టర్ పోయిన రోజు ఆవిడ ఇంటి ముందు కుర్చీలు వేసింది ఆయనే. ఆ వార్డు ఇప్పుడు నా చేతిలో ఉంది. నాలుగోసారో ఐదోసారో వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మం దగ్గర తలవంచుకుని నిలబడ్డ మనిషిని చూస్తే నాకు విసుగు రాదు. ప్రాణం కుదుటపడుతుంది, వచ్చాడు కదా అని.