తల ఆన్చిన స్టీరింగ్

ఆదోనిలో మా మెకానిక్కు ఉస్తాద్ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ఎమ్మిగనూరు బస్టాండు బయట కారు ఆన్‌లోనే పెట్టుకుని కూర్చున్నాను. వెనక సీట్లో ఒక ముసలమ్మ, ఆమె కొడుకు. ఏసీ ఆపితే ఊపిరాడదంటారు. నా చేతుల కింద స్టీరింగ్ సన్నగా వణుకుతోంది. ఆ వారమే బండిని ఆయన దగ్గరికి తీసుకుపోవాలనుకున్నాను. తోటి డ్రైవరు ఫోన్ చేసి, "ఉస్తాద్ పోయినాడన్నా, షెడ్డులోనే" అన్నాడు. సరేనని పెట్టేశాను. కిరాయి బేరం మధ్యలో ఏడవడానికి కూడా తీరిక లేని బతుకు మాది. ముసలమ్మను దేవనకొండలో దింపి ఆదోని దారి పట్టాను.

మా వైపు మెకానిక్కులకు కొదవ లేదు. కారు ఆగీ ఆగకముందే బానెట్ ఎత్తేస్తారు. ఉస్తాద్ ఎత్తేవాడు కాదు. ముందు అడిగేవాడు: నిలబడితే వణుకుతోందా, పరిగెత్తితే వణుకుతోందా? పరిగెత్తేటప్పుడైతే అది చక్రాల సంగతి, ఎదురు షాపుకు పొమ్మనేవాడు. నిలబడినప్పుడే అయితే డ్రైవరు సీట్లో తాను కూర్చుని, స్టీరింగ్ మీద రెండు అరచేతులూ ఆన్చి కళ్లు మూసుకునేవాడు. ఏసీ వేసి చూసేవాడు, ఆపి చూసేవాడు. యాక్సిలరేటర్ కొంచెం తొక్కితే వణుకు పోతుందా అని చూసేవాడు. బ్రేకు మీద ఉండి క్లచ్చు కాస్త వదిలినప్పుడు ఇంజిన్ పక్కకు ఒరిగిందంటే, దాన్ని మోసే రబ్బరు దిమ్మ అరిగిపోయినట్టు. దాన్ని మేం మౌంటింగ్ అంటాం. ఇదంతా అయ్యేలోగా మనం తొందరపెడితే కసిరేవాడు.

"సబర్ పట్టప్పా. పరిగెత్తేటప్పుడు ఏ బండైనా బాగానే ఉంటాది. నిలబడినప్పుడే దాని రోగం బయటపడేది."

ఆ మాట నిజమే. నాకూ ఇంటి పట్టున కూర్చున్న రోజే నడుము నొప్పి తెలుస్తుంది.

ఆయనేమీ దేవుడు కాదు. ఒకసారి ప్లగ్గులు మార్చి ఇక చూసుకోనక్కర్లేదన్నాడు. పెద్దకడుబూరు చేరకముందే వణుకు మళ్లీ మొదలైంది. చిరాగ్గా వెనక్కి తిరిగి వస్తే ఆయన సాకులు చెప్పలేదు. "అది సరిగ్గానే సెప్పిందప్పా, నేనే సరిగ్గా ఇనలే" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఉగ్గాని పొట్లం విప్పాడు. మిరపకాయ బజ్జీ మాత్రం ఎప్పటిలాగే నా వైపు తోశాడు, తనకు కడుపులో మంటట. నాకూ మంటే. అయినా ఆయన ఇస్తే తినేవాణ్ని.

పోయినేడు పత్తి దిగే రోజుల్లో నా బండికి మౌంటింగ్ మార్చాడు. నేను కూర్చుని చూస్తే స్టీరింగ్ నిలకడగా ఉంది. ఆయన కూర్చుని, ఇంకా ఉందన్నాడు. లేదన్నాను. ఉందన్నాడు. మళ్లీ నేను కూర్చున్నాను, మళ్లీ ఆయన కూర్చున్నాడు. ఇద్దరికీ విసుగొచ్చింది. చివరికి ఆయనే తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు. స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి. అవి వణుకుతున్నాయి. ఆయన వాటివైపు చాలాసేపు చూశాడు.

"బండిది కాదప్పా. నాదే."

చేతులు ఒళ్లోకి తీసుకుని ఒకదాన్ని ఇంకోదానితో గట్టిగా పట్టుకున్నాడు. చేతులు వణికే మెకానిక్కు దగ్గరికి ఎవడు బండి తెస్తాడు? ఇంట్లోవాళ్లకు తెలిస్తే మంచం మీద కూర్చోబెడతారు. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాని పని. తానున్నంత వరకు ఎవరికీ చెప్పొద్దని అడిగాడు. చెప్పనన్నాను. చూపించుకుంటే డాక్టరు మందులు రాశాడు గానీ తగ్గుతుందని మాత్రం అనలేదు.

తర్వాత నేను వెళ్లేసరికి ఆయన కొత్త పద్ధతి కనిపెట్టాడు. విప్పడం, బిగించడం పనివాళ్లకు వదిలేశాడు. తాను మాత్రం చేతులు మోకాళ్ల కింద నొక్కిపెట్టుకుని, వంగి, స్టీరింగ్ మీద నుదురు ఆన్చేవాడు. నేను అడగకుండానే చెప్పాడు, నుదురు వణకదు కదా అని. జనం ఇంకోలా అనుకున్నారు. ఉస్తాద్ ఇప్పుడు నుదుటితో వింటున్నాడని హాలహర్వి దాకా పాకింది. ఆయన తల వంచితే షెడ్డులో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు, హారన్ కొట్టేవాళ్లు కాదు. "ఈ వయసులో నాకు మర్యాద పెరిగిందప్పా" అని నాతో నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. లోపల మాత్రం దిగులుగా ఉండేది.

ఆయన పోయిన రోజు పెద్దకడుబూరు రైతు ఒకాయన కారు తెచ్చాడు. ఉస్తాద్ ఏసీ వేయించి తల ఆన్చాడు. అలవాటు ప్రకారం అందరూ నోళ్లు మూసుకున్నారు. పక్క వెల్డింగ్ షాపువాడు మిషను కూడా ఆపాడట. రైతు తెప్పించిన టీ చల్లారిపోయింది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది. ఎంతకీ తల లేవకపోయేసరికి ఆ రైతే వెళ్లి భుజం తట్టాడు.

జనాజా లేచే వేళకు అందుకున్నాను, పాడెకు భుజం పట్టాను. మట్టి ఇచ్చాక ఆ రైతు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "బండిని ఇంటాండాడు అనుకొంటినన్నా. పక్కనే నిలబడి, ఇంటాండాడు అనుకొంటి." ముందే చూసినా లాభం ఉండేది కాదని డాక్టరు చెప్పాడట. ఆ మాట రైతుకు చాలలేదు. అప్పుడు చెప్పాను, ఉస్తాద్ చేతుల సంగతి. ఇచ్చిన మాటకు గడువు తీరింది కదా. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే ఆఖరు వరకు ఆయప్ప పని ఆయప్ప చేతిలోనే ఉండె."

ఉండిందన్నాను.

తిరుగు దారిలో రైలు గేటు పడింది. ఇంజిన్ ఆపలేదు. స్టీరింగ్ వణుకుతూనే ఉంది, ఇక దాన్ని ఎవరికి చూపించాలో తెలియదు. చాలా అలసిపోయాను. వంగి నుదురు ఆన్చాను. బండి జబ్బేమిటో నాకేమీ అర్థం కాలేదు. వణుకు మాత్రం నుదుటి ఎముకకు తగిలింది. అలాగే ఉండిపోయాను.

గేటు ఎప్పుడు లేచిందో తెలియదు. నా వెనక ఉన్నవన్నీ జనాజా నుంచి తిరిగి పోతున్న బండ్లే. ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఆ రైతు మాత్రం కారు దిగి పరిగెత్తుకుంటూ వచ్చి, కిటికీలోంచి నా భుజం తట్టాడు. నేను తల ఎత్తి చూశాక కూడా ఆ చెయ్యి తీయలేదు.