ఆరు గ్రాముల అమ్మాయి

కాలేజీలో ఆ అమ్మాయిని అందరూ నిద్రమొహం అనేవారు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, పాఠం చెప్పే మాస్టారే.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో రెండో ఏడాది. తండ్రి దర్జీ, తల్లి అదే కొట్లో కాజాలు కుట్టేది. పిల్ల చదువులో చురుకే. కానీ నెలసరి వస్తే ఎనిమిది రోజులు ఆగేది కాదు. గంటకోసారి మార్చుకోవాలి, కాలేజీలో ఆడపిల్లల టాయిలెట్‌కి నీళ్ళూ లేవు, గడియా లేదు. అందుకే నెలకు ఐదారు రోజులు ఇంట్లోనే ముడుచుకుని పడుకునేది.

“ఆడపుట్టుక పుట్టాక తప్పుతుందా? నేను పడలేదూ?” అనేది తల్లి. ఆమెకు తెలిసింది అంతే. ఆమెను అని లాభం లేదు. తెలిసినవాళ్ళ సంగతే చెప్పాలి.

ఒకరోజు హిమోగ్లోబిన్ ప్రాక్టికల్. ఎవరి రక్తం వాళ్ళే పరీక్షించుకోవాలి. పన్నెండు గ్రాములు ఉండవలసింది, ఈమెకు ఆరు వచ్చింది. అలాగే రాసింది.

“ఆరా? ఆరుంటే ఇలా నిలబడగలవా నువ్వు? కొలవడం చేతకాలేదు. మళ్ళీ చెయ్యి,” అన్నారు మాస్టారు.

ఇంకో వేలు గుచ్చుకుంది. ఆరే. మూడో వేలు. అప్పుడూ ఆరే.

“పన్నెండని రాసి పారెయ్యవే,” అని గొణిగింది పక్క పిల్ల.

“వచ్చిందే కదా రాయాలి!” అంది ఈమె.

మాస్టారు సున్నా వేశారు. రక్తం గురించి పాతికేళ్ళు పాఠం చెప్పిన మనిషి! ఎదురుగా రక్తం లేని పిల్ల నిలబడితే కొలత తప్పన్నారు.

గాజుసామాను కడిగే ఆయమ్మ మాత్రం ఆ పిల్లను ఆపి, కింది రెప్ప లాగి చూసింది. “సున్నం కొట్టినట్టుందే తల్లీ!” అని మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించి, తర్వాత ఆపరేషన్ చేశారు.

డాక్టరు కాగితం పట్టుకుని తండ్రీకూతుళ్ళు ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళారు. ఆసుపత్రి రోజులూ కలిసి హాజరు యాభై ఎనిమిది శాతానికి పడిపోయింది; పరీక్ష రాయాలంటే డెబ్బై ఐదు ఉండాలి.

“ఇదీ ఒక జబ్బేనా? మా ఇంట్లో ఆడవాళ్ళకు లేదా? వాళ్ళు చదువుకోలేదా?” అన్నాడాయన.

ఇలాంటి మాట ఇంట్లో కూడా ఎత్తని దర్జీ నోరు తెరిచాడు. “ఆటలో కాలు విరిగిన కుర్రాడికి హాజరు కలిపారు గదండీ. మా పిల్లకు ఒంట్లో రక్తమే పోయిందండీ.”

“అది యాక్సిడెంటయ్యా. దీనికి రూల్ లేదు.”

పరీక్ష రాయనివ్వలేదు. తోటివాళ్ళు ఉద్యోగాల్లో చేరుతుంటే, ఆమె చెల్లెలి వయసు పిల్లల మధ్య కూర్చుని అవే పాఠాలు మళ్ళీ విన్నది. మంచి మార్కులతోనే పాసైంది. తప్పయిందని ఒక్కరూ అనలేదు.

“పోనీలేవే, ఒక్క ఏడాదే కదా పోయింది,” అంది పిన్ని, ఫలితాలొచ్చిన రోజున.

“ఒక్కటే పిన్నీ. కానీ అది నాది,” అంది ఆ అమ్మాయి.