అల్లరి ఎవరిది

కామారెడ్డిలో ఉండే మా అక్క ఏసయ్యను నమ్ముకుంది. నా బిడ్డ జ్వరంతో పోయాక, నా మనసు కాస్త కుదుటపడుతుందని ఒక ఆదివారం ఎల్లారెడ్డి నుంచి నన్ను ప్రార్థనకు పిలిపించుకుంది. వస్తాననలేదు, రాననీ అనలేదు. బస్సెక్కాను, అంతే.

ఆ రోజు పాస్టరు గారు చెప్పినదాంట్లో ఒక్క మాటే నా చెవిన పడింది. అల్లరి దేవుడు చేసింది కాదట. ఆయన ఇచ్చేది సమాధానమట.

మా బిడ్డను వాడకట్టంతా అల్లరిపిల్ల అనే పిలిచేది. పక్కింటి కోడిపిల్లలకు పసుపు పూసి పెళ్లి చేసిన ఘనురాలు. నా కత్తెర ఎక్కడో దాచి రోజూ నాతో ఇల్లంతా వెతికించేది. దాన్ని తిట్టని ఇల్లు లేదు, పిలిచి ఏదో ఒకటి చేతిలో పెట్టని ఇల్లూ లేదు.

నాకు కోపం వచ్చింది. చాలా రోజుల తర్వాత నాలో కదిలింది అదొక్కటే. ప్రార్థన అయ్యాక వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

"అయ్యగారూ, అల్లరి దేవునిది కాదంటే నా బిడ్డ ఎవరిది?"

అక్క నా చెయ్యి గిల్లింది. పాస్టరు గారు మాత్రం నాకు కుర్చీ వేయించారు.

"పిల్లల అల్లరి కాదమ్మా. బైబిల్ల ఈ మాట మొదలు రాసింది గ్రీకు భాషల. అకటస్తాసియా అంటరు. అంటే ఏదీ ఉన్నకాడ ఉండకపోవుడు, గడబిడ, కొట్లాట. మనోళ్లు తెలుగుల అల్లరి అని రాసిండ్రు. సమాధానమంటే శాంతి."

నేనేమో జవాబు అనుకుని అంతసేపూ కూర్చున్నాను.

మంచాయనే. ఓదార్చాననే అనుకుని ఉంటాడు. తిరుగు బస్సులో తాడ్వాయి దాటినా ఆ మాటే నములుతున్నాను. ఏదీ ఉన్నచోట ఉండకపోవడం. అచ్చంగా మా బిడ్డే కదా అది.

ఇంటికొచ్చి చూస్తే నేను బీడీలు చుట్టే చాట గోడకు ఆనించి ఉంది. దారపుండ గూట్లో, కత్తెర మేకుకు. పొద్దున పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇంత శాంతి నాకెందుకు? ఏడుపు కూడా రాలేదు. కత్తెర తీసి కందిపప్పు డబ్బాలో వేసి మూత పెట్టాను.

తెల్లారి బీడీలకు తునికాకు కత్తిరించడానికి కూర్చుని, "కత్తెర ఏడ వెట్టినవే?" అని వాకిట్లోకి కేకేశాను. మంచం కింద చూశాను. దుప్పట్లు దులిపాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"పప్పు డబ్బల ఉన్నది. నిన్న నువ్వే వేసినవ్. తీసియ్యాల్నా?"

"వద్దు," అన్నాను. "జెరసేపు దేవులాడనియ్యి."